కరుణ గుంజిన లైన్లు

మిర్యాలగూడలో సాగర్ రోడ్డు మీద నిలబడి "కరుణ నెట్టు ఎక్కడ?" అని ఎవరినడిగినా చెయ్యి చూపిస్తారు. నిజానికి ఆ బోర్డు మీద ఆ పేరు ఎన్నడూ లేదు. మొదట్లో 'గ్రేస్ ఇంటర్నెట్ సెంటర్' అని ఉండేది. తర్వాత 'గ్రేస్ జిరాక్స్, ఆన్‌లైన్ పనులు' అయింది. ఇప్పుడు 'గ్రేస్ ఫైబర్'. బోర్డు మూడుసార్లు మారినా జనం నోట్లో మాత్రం అది కరుణ నెట్టే.

కరుణకిప్పుడు నలభై ఆరేళ్లు. పొట్టి మనిషి. గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. పైన నిచ్చెన కట్టిన ట్రాలీ ఆటోలో ముందు సీట్లో కూర్చుని రోజుకు నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది. నేను ఆమెను ఇరవై ఏళ్ల పైనుంచి ఎరుగుదును. నా డిగ్రీ ఫలితం, నా ఉద్యోగానికి దరఖాస్తు, మా పాప గురుకులం హాల్ టికెట్టు, అన్నీ ఆ కొట్లోనే ప్రింటు తీసుకున్నాను. కొన్ని నా కళ్లతో చూసినవి, కొన్ని ఆమె చెప్పగా విన్నవి.

ఆమె పుట్టింది కోదాడలో. తండ్రి యేసయ్య టెలిఫోన్ కేబుళ్ల కోసం రోడ్ల పక్కన కాలువలు తవ్వే కూలీ. తల్లి జానమ్మ నాట్లకు పోయేది. ఇద్దరికీ చదువు లేదు కానీ కూతుర్ని మాత్రం ఇంటర్ దాకా ఆపలేదు. ఇంటర్ అయ్యాక సూర్యాపేటలో కంప్యూటర్ కోర్సులో చేరుతానంటే జానమ్మ ఒక్కటే అడిగిందట, "అది నేర్చుకుంటే ఎండలో నిలబడే పని ఉండదు కదా?" అని. ఉండదని కరుణ మాటిచ్చింది. ఆ మాట ఎంత తప్పో అప్పుడామెకు తెలియదు.

సూర్యాపేటలో ఆ కోర్సు నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో తొంభై ఎనిమిదిలో ఇంటర్నెట్టు వచ్చింది. మొదటిరోజు ఇరవై మంది పిల్లలు ఒకే కంప్యూటర్ చుట్టూ నిలబడ్డారు. సారు ఏదో బొమ్మ తెరుస్తానన్నాడు. బొమ్మ పైనుంచి కిందికి సన్నటి చారలు చారలుగా దిగుతోంది. మొదట బూడిదరంగు కనపడింది. "మబ్బు" అన్నారొకరు. ఇంకొంచెం దిగింది. "కొండ" అన్నారింకొకరు. ఇంతలో కరెంటు పోయింది. మర్నాడు మళ్లీ మొదటి నుంచి పెట్టారు. నాలుగు నిమిషాల తర్వాత కింద తొండం కనపడేసరికి క్లాసంతా ఒక్కసారి అరిచింది. అది ఏనుగు. "నిజం ఏనుగును చూసినా అంత సంతోషం కాలేదు" అంటుంది కరుణ. ఆ రోజే అనుకుందట, బతికితే ఈ పనితోనే బతకాలని.

పెళ్లయి మిర్యాలగూడ వచ్చింది. భర్త డేవిడ్ రైస్ మిల్లుల్లో మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్, తక్కువ మాట్లాడే మనిషి. రెండువేల రెండులో మిల్లు యజమాని నాగేశ్వర్ రావు గారి ఇంటి కింద ఒక గది ఖాళీ అయితే, దాన్ని కిరాయికి అడగడానికి ఇద్దరూ వెళ్లారు. ఆయన ధాన్యాన్ని కంటితో చూసే తేమ ఎంతో చెప్పే వ్యాపారి.

"ఇంటర్నెట్టంటే ఏందమ్మా? అమ్ముడా, కొనుడా?" అని అడిగాడు.

"రెండూ కాదు సార్. చూసుడు" అంది కరుణ.

"చూసెతందుకు పైసలిస్తరా?"

"సినిమాకు ఇస్తలేరా సార్?"

నాగేశ్వర్ రావు నవ్వి తాళంచెవి ఇచ్చాడు.

రెండు కంప్యూటర్లు, ఒక మోడెం, ఒక టెలిఫోన్ లైను. ఆ లైను పైన నాగేశ్వర్ రావు ఇంట్లోకీ ఉండేది. వేరే లైనుకు దరఖాస్తు పెట్టినా ఇంకా రాలేదు. కింద కరుణ నెట్టు కలిపినప్పుడు పైన ఎవరైనా ఫోనెత్తితే కింద లైను తెగిపోతుంది, పైన చెవిలో కుయ్యికుయ్యి మంటుంది. నాగేశ్వర్ రావు భార్య ఆండాళు గారికి చెల్లెలితో ఫోన్లో మాట్లాడటం రోజూ ఉండాల్సిందే. మొదటి వారమంతా ఆమె మెట్ల మీద నిలబడి కేకలు పెట్టింది.

"కరుణా, నా ఫోన్ల పిట్టలు అరుస్తున్నయే!"

"అమ్మా, జర పెట్టెయ్యరాదే! మళ్ల మొదటికెళ్లి కలపాలె!"

చివరికి ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. కరుణ లైను కలిపే ముందు కింది నుంచి చీపురుకట్టతో రెండుసార్లు కప్పు మీద పొడుస్తుంది. తీసేశాక ఒకసారి. ఆండాళు గారు దానికి తగ్గట్టు చెల్లెలితో మాటలు సర్దుకునేది.

ఇక రెండువేల నాలుగు వేసవి. టీచర్ ట్రైనింగుకు రాసే టీటీసీ ఎంట్రెన్స్ ఫలితాలు వచ్చిన రోజు. ఇప్పుడు ఫలితాలు చేతిలోనే చూసుకుంటున్న పిల్లలకు ఆ రోజు ఎట్లా ఉండేదో చెప్పినా అర్థం కాదు. పొద్దున ఏడింటికే కొట్టు ముందు రోడ్డు నిండిపోయింది. నిడమనూరు, హాలియా, దామరచర్ల నుంచి పిల్లలు, తండ్రులు, అన్నలు వచ్చారు. నేనూ మా చెల్లె నంబరు పట్టుకుని ఆ గుంపులో ఉన్నాను. ఆ రోజు ఆండాళు గారు ఫోను పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. భర్తను కూడా ముట్టనివ్వలేదు. మిల్లు నుంచి కబురొస్తే "పొయ్యి మాట్లాడి రా, ఈడ పిల్లల బతుకులున్నయ్" అని ఆయన్నే పంపించేసింది.

ఒక్కో నంబరుకు మూడు, నాలుగు నిమిషాలు పడుతోంది. పదకొండు గంటలప్పుడు ఒక తండ్రీకూతుళ్ల వంతు వచ్చింది. పెద్దవూర దగ్గరి తండా నుంచి వచ్చిన దేవ్‌సింగ్, ఆయన కూతురు జమ్లీ. తెల్లవారకముందే బయల్దేరారట. హాల్ టికెట్టు దేవ్‌సింగ్ జేబులో చెమటకు తడిసి మెత్తబడింది. కరుణ నంబరు కొట్టింది. పేజీ మెల్లగా తెరుచుకుంది. ఆ నంబరు మీద వివరాలు లేవని వచ్చింది.

"నంబరు లేదన్నా" అంది కరుణ.

దేవ్‌సింగ్ హాల్ టికెట్టును నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "సరే తీ బిడ్డా, పోదం" అన్నాడు. జమ్లీ తల వంచుకుని తండ్రి వెనకాలే పోయింది. వెనక నుంచి ఇంకొకరు నెట్టుకుంటూ ముందుకొచ్చారు.

నాలుగో మనిషి తర్వాత ఒకమ్మాయి వచ్చింది. జమ్లీ రాసిన సెంటర్లోనే రాసిన పిల్ల. ఒకే సెంటరు వాళ్ల నంబర్లకు మొదటి అంకెలు ఒకటే ఉంటాయి. ఆ నంబరు కొడుతుంటే కరుణ వేళ్లు ఆగిపోయాయి. ఈ అమ్మాయి నంబరులో మూడో అంకె ఎనిమిది. అంతకుముందు తాను కొట్టింది మూడు. చెమటకు అలుక్కుపోయిన ఎనిమిదిని తాను మూడు అనుకుంది.

కరుణ లేచి నిలబడింది. "అమ్మా! జర కిందికి రా!" అని అరిచింది. ఆండాళు గారు ఫోను దగ్గర మనవరాలిని కూర్చోబెట్టి దిగివచ్చింది. "ఈ కుర్చీల కూసో. ఎవ్వల్నీ మౌసు ముట్టనియ్యకు" అని చెప్పి కరుణ రోడ్డు మీద పడి బస్టాండుకు పరుగెత్తింది. చెప్పు ఒకటి దారిలో తెగితే రెండోదీ వదిలేసింది.

పెద్దవూర వైపు పోయే హాలియా బస్సు గేటు దాటుతోంది. కరుణ ఎదురుగా వెళ్లి రెండు చేతులూ అడ్డం పెట్టింది. డ్రైవరు బ్రేకు వేసి తిట్టాడు. తిట్లు వింటూనే ఆమె బస్సెక్కింది. వెనక సీట్లో జమ్లీ కిటికీకి తల ఆనించి కూర్చుంది.

"చెల్లె, నీ నంబరు నోటితోని చెప్పు. కాయితం చూడకు."

జమ్లీ చెప్పింది. మూడో అంకె ఎనిమిదే.

"తప్పు నాది. నేనే తప్పు కొట్టిన. దిగుండ్రి, దిగుండ్రి!"

బస్సులో వాళ్లు కూడా "దిగు పిల్లా, దిగు" అన్నారు. ఇప్పుడు డ్రైవరు తిట్టలేదు. "మంచిగ రావాలె" అని హారన్ కొట్టి మరీ పోయాడు.

ముగ్గురూ కొట్టుకు తిరిగొచ్చేసరికి గుంపు దారి వదిలింది. కరుణ నంబరు కొట్టింది. మొదట పేరు వచ్చింది. తర్వాత తండ్రి పేరు. "నా పేరు గిట్ల టీవీల వచ్చుడు ఇదే మొదలు" అన్నాడు దేవ్‌సింగ్. తర్వాత మార్కులు. మిగతాది రావడానికి ఇంకో అర నిమిషం పట్టింది. నూటపదమూడో ర్యాంకు. దేవ్‌సింగ్‌కు ఆ అంకె అర్థం కాలేదు. "సీటు వస్తదన్నా, సీటు!" అని చుట్టూ ఉన్నవాళ్లే చెప్పారు. ఆయన కరుణ నెత్తి మీద చెయ్యి పెట్టి, కళ్లు తుడుచుకుని, ఏం చెయ్యాలో తోచక అక్కడున్న అందరికీ దండం పెట్టాడు. ఆండాళు గారు మజ్జిగ కలిపి బిందెతో దింపించింది.

ఆ రోజు నుంచి కరుణ ఒక అలవాటు చేసుకుంది. ఎవరి నంబరైనా రెండుసార్లు పైకి చదివి, వచ్చినవాళ్ల వేలు కాగితం మీద పెట్టించి, అప్పుడే నొక్కుతుంది. "నేను తప్పు కొడితే నాకు మల్ల కొట్టుకునే టైముంటది. వాళ్లు బస్సెక్కిపోతరు" అంటుంది.

తర్వాత రోజులు పరుగెత్తాయి. బ్రాడ్‌బ్యాండ్ వచ్చి చీపురుకట్టకు పని పోయింది. రెండు కంప్యూటర్లు ఆరయ్యాయి. కెమెరాలు పెట్టింది. సౌదీలో పనిచేసే మొగుళ్ల ముఖాలు చూడటానికి ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని వచ్చేవారు. కొన్నాళ్లకు బటన్ ఫోన్లలోనే నెట్టొచ్చింది. తర్వాత పెన్నులాంటి డాంగుల్‌ను కంప్యూటర్‌కు గుచ్చి వాడేవాళ్లు మొదలయ్యారు. కరుణ ఏదొస్తే అది నేర్చుకుని పక్కవాళ్లకు నేర్పింది. నాగేశ్వర్ రావు కూడా కాకినాడ బియ్యం ధరలు కంప్యూటర్లో చూడటం మరిగాడు.

ఫోర్ జీ వచ్చిన ఏడాది మాత్రం ఆమెకు బాగా గుర్తు. మూడు నెలల్లో కొట్టు ఖాళీ అయింది. అందరి చేతుల్లో నెట్టు ఉంది, ఇక కొట్టుకెందుకు వస్తారు? ఆరు కంప్యూటర్ల మీద ముసుగులు కప్పి, ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఆ రోజుల్లోనే కోదాడ నుంచి జానమ్మ వచ్చింది. ఆమె చేతిలోనూ ఫోన్ ఉంది. ఆదివారం ప్రార్థన ఫోన్లో పెట్టుకుని పెద్దగా వింటోంది.

"ఏంటే, ఇంకా ఈ కొట్టు తెరుచుకుని కూర్చుంటున్నావు? చూడు, అంతా దీంట్లోనే వస్తుంది కదా."

"నువ్వు కూడానా అమ్మా!" అని కరుణ అలిగి రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు.

మూడోరోజు డేవిడ్ భోజనం చేస్తూ ఒక్క మాటన్నాడు. "మిల్లులకు ఫోన్ నెట్టు సాలుతలేదు. కాంటాలు, కెమెరాలు అన్నీ కంప్యూటర్లకు కలుపుతున్నరు. ఫైబర్ కావాలని అడుగుతున్నరు. ఇక్కడ లైను గుంజెటోళ్లు లేరు."

"నేను గుంజుతా" అంది కరుణ.

డేవిడ్ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆమె వంక చూశాడు. "నిచ్చెన ఎక్కాలె."

"ఎక్కుతా."

సూర్యాపేటలో ఒక కంపెనీ పదిరోజుల శిక్షణ పెట్టింది. కరుణకు అప్పుడు ముప్పై తొమ్మిది. క్లాసులో మిగతా వాళ్లంతా ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రవాళ్లు. మొదటిరోజు ఒకడు లేచి మర్యాదగా అడిగాడు, "ఆంటీ, మీ అబ్బాయి రాలేదా?" అని. "వచ్చిండు. నేనే" అని ముందు వరుసలో కూర్చుంది. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నటి గాజు దారం. రెండు కొనలూ స్పిరిటుతో తుడిచి, చక్కగా కోసి, మిషన్లో ఎదురెదురుగా పెడితే సన్నటి మెరుపుతో అతుక్కుంటాయి. చెయ్యి వణికితే అతుకు చెడుతుంది. జీవితమంతా బియ్యంలో రాళ్లు ఏరిన చేతులు కదా, ఆమె చెయ్యి వణకలేదు. పదోరోజు అందరికంటే ఎక్కువ అతుకులు సరిగ్గా పడినవి ఆమెవే.

సంగతి విని యేసయ్య కోదాడ నుంచి ఫోన్ చేశాడు. "నేను కింద తవ్వితే నువ్వు పైన కడతన్నావా తల్లీ! జాగర్తగా ఎక్కు" అన్నాడు. జానమ్మ ఫోన్ లాక్కుంది. "ఎండలో నిలబడే పని ఉండదని చెప్పావు కదే నాకు?" కరుణ నవ్వి, టోపీ కొనుక్కుంటానని ఇంకో మాట ఇచ్చింది.

రెండువేల ఇరవై, బడులు మూతబడిన ఏడాది. ఒకరోజు పొద్దున ఎవరో కొత్త నంబరు నుంచి ఫోన్.

"అక్కా, నేను జమ్లీని. గుర్తున్ననా?"

జమ్లీ అప్పటికి టీచరు. సొంత తండాలోనే బడి. గురుకులాల నుంచి పెద్ద పిల్లలంతా ఇళ్లకొచ్చారు. వాళ్ల క్లాసులన్నీ ఫోన్లలో. తండాలో సిగ్నల్ లేదు, ఈ ఫోనూ గుట్ట మీది నుంచే. పిల్లలు గుట్టెక్కుతున్నారు. వానొస్తే ఫోన్లను పాలిథిన్ సంచుల్లో పెట్టుకుని, పిల్లలు మాత్రం తడుస్తున్నారు. "నిన్న ఒక పిల్ల జారి పడ్డది అక్కా. కాలు బెణికింది. ఏమన్న జెయ్యి" అంది.

కరుణ కంపెనీని అడిగింది. పది ఇళ్ల వాళ్లు ఒప్పుకుంటే గాని లైను వెయ్యమన్నారు. సాయంత్రానికి దేవ్‌సింగ్ పదమూడు ఇళ్లను ఒప్పించాడు. నెట్టంటే ఏమిటో సగం మందికి తెలియదు. "పిల్లలు గుట్టెక్కరు, అంతే" అని చెప్పాడట. అది చాలింది.

పెద్దవూర నుంచి తండాకు నాలుగు కిలోమీటర్లు. మూడింటికి కరెంటు స్తంభాలున్నాయి. తండాకు కరెంటు ఇంకోవైపు నుంచి వస్తుంది, అందుకే చివరి కిలోమీటరు చేల మధ్య ఏమీ లేదు. తండావాళ్లు నీలగిరి గుంజలు తెచ్చి పాతారు. ఆడవాళ్లు గుంతలు తవ్వారు. కరుణ, డేవిడ్ నాలుగు రోజులు కేబులు లాగారు. ఐదోరోజు బడిలో నెట్టు పెట్టె బిగించారు. దాని మీద పచ్చ లైటు వెలిగేసరికి పిల్లలు బెంచీలెక్కి కేకలు పెట్టారు. జమ్లీ బడి అరుగు మీద పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టింది. ఫోన్లో లెక్కల సారు గొంతు మొదటిసారి ఎక్కడా తెగకుండా వినపడింది.

మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగోరోజు మధ్యాహ్నం పచ్చ లైటు ఎర్రబడింది. కరుణ వెళ్లేసరికి దారిలో ఒక గడ్డి ట్రాక్టరు ఆగి ఉంది. దాని పైన గడ్డి ఇంటి కప్పంత ఎత్తుంది. ట్రాక్టరు నడిపే బిచ్చా చేతిలో నల్లటి తీగె పట్టుకుని దోషిలా నిలబడ్డాడు.

"అక్కా, నీ తీగె నా గడ్డిల చిక్కింది. నేను సూడలే. రెండు గుంజలు గుడ పడ్డయ్."

జమ్లీకి కోపం వచ్చింది. "పిల్లల పరీక్ష నడుస్తున్నది తెలుసా నీకు?" అని గట్టిగా అడిగింది. బిచ్చా తల దించుకున్నాడు.

కరుణ మాత్రం గడ్డి బండి ఎత్తు, గుంజ ఎత్తు మార్చి మార్చి చూసింది. "నీ తప్పేం లేదు తమ్మీ. నేనే కొలత తక్కువ పెట్టిన. గడ్డి బండి ఎంతెత్తు వస్తదో అడగకుంట పాతించిన" అంది.

బిచ్చా ముఖం వెలిగింది. గడ్డి దింపి వచ్చి, అదే ట్రాక్టరులో పొడుగు గుంజలు తెచ్చాడు. ఆ గుంజల మీద తీగె ఎక్కడ కట్టాలో చూడటానికి ట్రాక్టరు ఖాళీ ట్రాలీ మీద తానే నిలబడి చేతులు పైకెత్తి, "గింతెత్తు వస్తది అక్కా, గింత!" అని చూపించాడు. చీకటి పడకముందే కరుణ అతుకు వేసింది. పరీక్ష మర్నాడు మళ్లీ పెట్టించారు. ఆ పదమూడు ఇళ్లు ఏడాది తిరిగేసరికి నలభై అయ్యాయి. గుట్ట మీదికి ఇప్పుడు మేకలు మాత్రమే ఎక్కుతున్నాయి.

ఇప్పుడు ఫైవ్ జీ వచ్చింది. తీగె లేకుండా ఇంటి కప్పు మీద డబ్బా పెడితే చాలునంటున్నారు. "మల్ల కొట్టు ఖాళీ అయితదా?" అని మొన్న అడిగాను. కరుణ తేలిగ్గా చెప్పింది. "అయితె అయితది. ఆ డబ్బా బిగించుడు నేర్చుకున్న. పెన్‌పహాడ్ కాడ రెండు బిగించిన గుడ. ఏదొచ్చినా ఎవ్వలో ఒకలు నిచ్చెన ఎక్కాలె గదా?"

అంతలో ఆమె ఫోన్ మోగింది. దేవ్‌సింగ్. ఇప్పుడాయనకు డెబ్భై దాటాయి. రోజూ సాయంత్రం నెట్టులో పాత లంబాడీ పాటలు వెతుక్కుంటాడు. కరుణ ఫోన్‌ను స్పీకర్లో పెట్టింది.

"బిడ్డా, పొద్దటి సంది నెట్టు వస్తలేదు."

"పెట్టె మీద లైటు ఎర్రగున్నదా, పచ్చగున్నదా?"

"అసలు లైటే లేదు."

"ప్లగ్గు పెట్టున్నదా?"

అటువైపు ఫోన్ పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత ఏదో జరిపిన శబ్దం, ఎవరినో కోప్పడిన మాటలు వినిపించాయి.

"ముసల్ది మిక్సీ పెట్టెతందుకు తీసిందట. పచ్చడి నూరుకున్నది" అన్నాడు దేవ్‌సింగ్, గొంతు తగ్గించి.

"మరి పచ్చడి ఎట్లున్నది?" అని అడిగింది కరుణ.

"ఇంక తినలే. నువ్వు రా, తిందం."

"ఎల్లుండి వస్తున్న, ఉంచుండ్రి" అని ఫోన్ పెట్టేసి, కరుణ నిచ్చెన తాడు బిగించింది. ఆటో నిడమనూరు వైపు తిరిగింది.